పరుగుకు దారి ఏదీ? పుంతలు బాగుపడితే రోడ్డు గండం తప్పుతుంది

(మా గ్రామీణ విలేఖరి)

పశ్చిమ డెల్టాలో ఏ ఊరి పొలిమేరకు వెళ్ళినా తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటల వేళ కుర్రాళ్ళు గుంపులుగా పరుగెత్తుతూ కనిపిస్తారు. ఇది సరదా వ్యాయామం కాదు. పోలీసు, సైనిక, సరిహద్దు దళాల ఉద్యోగాలకు పెట్టే దేహదారుఢ్య పరీక్ష గట్టెక్కడానికి పడుతున్న పాట్లు. పుస్తకాలు భీమవరంలో దొరుకుతాయి. కోచింగుకు అప్పో సప్పో చేసి వెళ్ళవచ్చు. పరుగెత్తడానికి మాత్రం సొంత ఊళ్ళోనే దారి కావాలి. ఆ దారే కరువైంది.

రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నవంబరులో ప్రకటన వెలువడింది. 2023 జనవరిలో ప్రాథమిక రాతపరీక్ష జరిగి 95 వేల మందికి పైగా నెగ్గారు. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు ఆఖరున. తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. రాతపరీక్షకూ పరుగు పరీక్షకూ నడుమ రెండు సార్వాలు, రెండు దాళ్వాలు గడిచిపోయాయి. పిలుపు రేపో మాపో వస్తుందని అన్నాళ్ళూ పరుగు మానకుండా ఉండవలసి వచ్చింది. మానితే కాళ్ళలో సత్తువ నెల తిరక్కుండా పోతుంది మరి.

ఈ పరీక్షలో మగవారు 1,600 మీటర్లు 8 నిమిషాలలో, ఆడవారు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. ఇది తప్పనిసరి. దీనితోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంపులలో ఏదైనా ఒకటి నెగ్గాలి. అగ్నివీరుల ఎంపికలోనూ 1,600 మీటర్లే, గడువు ఇంకా తక్కువ. సరిహద్దు దళాలకైతే మగవారు 5 కిలోమీటర్లు 24 నిమిషాలలో ముగించాలి.

కుర్రాళ్ళు రోడ్డెక్కడానికి ఒక లెక్క ఉంది. పెద్ద రోడ్ల పక్కన కిలోమీటరు రాళ్ళ నడుమ 200 మీటర్లకొకటి చొప్పున చిన్న రాళ్ళు ఉంటాయి. 1,600 మీటర్లకు ఎనిమిది రాళ్ళు, గడువు ఎనిమిది నిమిషాలు. రాయికి నిమిషం. చేతికి గడియారం ఉంటే చాలు, మాస్టరు అక్కర లేదు. పైగా తారు రోడ్డు చదునుగా ఉంటుంది, వానకు బురద కాదు.

కాని ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉంటుందనుకోవడం పొరబాటు. చేపల లారీలు, ఐసు బండ్లు, మేత వ్యానులు, పాల ఆటోలు బయలుదేరేది అప్పుడే. డిసెంబరు, జనవరి మంచులో పది గజాల అవతల మనిషి ఆనడు. కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంటుంది. మిగిలిన సగంలోనే లారీ, అందులోనే కుర్రాడు. ధాన్యం పోసిన రైతును తప్పు పట్టలేము, కళ్ళం చేసే చోటు చాలా ఊళ్ళలో చెరువైపోయింది. తప్పనిసరై రోడ్డు మీద పరుగెత్తేవారు కుడి పక్కన, బండ్లకు ఎదురుగా పరుగెత్తాలి. ఎడమ పక్కన వెళితే వెనుక నుంచి వచ్చేది కనిపించదు. తెల్ల చొక్కా వేసుకోవాలి. చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తడం మాత్రం ప్రాణంతో చెలగాటమే.

ఇక కాలువ గట్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత తవ్విన కాలువలే మన డెల్టాకు ప్రాణం. నరసాపురం, ఉండి, అత్తిలి కాలువల గట్ల మీద బండ్ల రద్దీ తక్కువ, నీడ ఉంటుంది, మట్టి నేల మోకాళ్ళకు మంచిది. వేసవిలో ఇంతకన్నా మంచి దారి లేదు. వానలు పడితే మాత్రం రేగడి కాళ్ళకు పట్టుకుంటుంది, రెల్లు గడ్డి నడుము దాకా పెరుగుతుంది, పాముల భయం సరేసరి. దీపం లేని గట్టు మీదికి ఆడపిల్లను చీకటితో పంపడానికి ఏ తల్లిదండ్రులకూ మనసొప్పదు. అన్నో, తండ్రో మోటారు సైకిలుపై వెంట వెళ్ళవలసిందే. వెంట వెళ్ళే మనిషి లేని పిల్లకు పరుగు సాధన ఇంటి ముందు సందులోనే.

హైస్కూలు ఆవరణలో పరుగెత్తవచ్చు గదా అనవచ్చు. చిన్న ఆవరణలో 1,600 మీటర్లంటే ఎన్ని చుట్లు తిరగాలో, ఎన్ని మలుపులు కొట్టాలో పరుగెత్తేవాడికి తెలుసు. వానాకాలం అదీ మడుగే.

మిగిలింది పుంత. ఊరి నుంచి పొలాలకు ఎడ్లబండ్లు పోవడానికి తాతల నాడు విడిచిన దారి. ఇది ఎవరి జిరాయితీ కాదు, పోరంబోకు. గ్రామ నక్షాలో దాని వెడల్పుతో సహా ఉంటుంది. 1984లో కరణాలు పోయే దాకా ఏ పుంత ఎంత వెడల్పో నోటితో చెప్పే మనిషి ఊళ్ళో ఉండేవాడు. నేడు చాలా చోట్ల రెండు బండ్లు తప్పుకునే పుంత కాలిబాటగా మిగిలింది. గట్టు రైతు ఏటా ఒక పార మేర లోపలికి జరుపుకుంటూ వచ్చాడు. రొయ్యల చెరువులు వచ్చాక కొన్నిచోట్ల గట్టు జారి పుంత చెరువులోనే కలిసింది. తీరా కోతల నాడు వరికోత యంత్రం పోవడానికి దారి లేక అదే రైతు పక్కవాడి చేను గుండా పోనిమ్మని బతిమాలుకుంటున్నాడు. ఆయన కొడుకు తారు రోడ్డు మీద పరుగెత్తుతున్నాడు.

800 మీటర్ల పుంత బాగుంటే చాలు, వెళ్ళి వస్తే 1,600. స్టేడియం అడగవలసిన పని లేదు. కొలత మాత్రం సరిగా ఉండాలి. మోటారు సైకిలు మీటరు చూసి గీత గీస్తే వంద మీటర్లు తేడా రావచ్చు. వంద మీటర్లంటే అర నిమిషం. ఊళ్ళో ఏడున్నర నిమిషాలకు వస్తున్నానని ధైర్యంగా వెళ్ళినవాడు పరీక్షలో ఎనిమిది దాటి ఇంటికి వస్తాడు. 20 మీటర్ల గొలుసు 40 సార్లు వేస్తే 800 మీటర్లు వస్తుంది, ఒక పూట పని. 200 మీటర్లకొక రాయి పాతి సున్నం కొట్టవచ్చు.

ఆక్రమణ తొలగించడానికి కొత్త చట్టం అక్కర లేదు. 1905 నాటి భూఆక్రమణ చట్టం కింద తహసీల్దారు నోటీసు ఇవ్వవచ్చు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక సర్వేయర్లనూ నియమించారు. అడ్డు వచ్చేది మొగమాటమే. గట్టు జరుపుకున్నవాడు అయినవాడో, ఓట్లున్నవాడో అయి ఉంటాడు. ఒక్క రైతు మీద పోతే పగ అవుతుంది. పుంతకు రెండు వైపులా ఉన్న రైతులందరినీ ఒకే రోజు పిలిచి, నక్షా ముందు పెట్టి కొలిపిస్తే ఎవరికీ చిన్నతనం ఉండదు.

దీనికి అదను దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసిన వేళ. అప్పుడు నేల గట్టిపడి ట్రాక్టరు దిగుతుంది, గట్లు స్పష్టంగా కనిపిస్తాయి, మట్టీ దొరుకుతుంది. జూన్‌లో నీరు వదిలి నారుమళ్ళు పడితే మళ్ళీ సార్వా కోతలయ్యే దాకా పుంతలో పార వేయడం కుదరదు.