ఒక ఫోన్ కాల్, లక్షల ఉద్యోగాలు

2025 జూన్‌లో థాయ్‌లాండ్ ప్రధాని పేటోంగ్‌టార్న్ షినవత్ర, కంబోడియా మాజీ ప్రధాని హున్ సేన్‌తో సరిహద్దు గొడవపై ఫోన్‌లో మాట్లాడారు. ఆయన్ని 'అంకుల్' అని పిలిచి, తమ సైన్యాధికారినే తప్పుపట్టారు. ఆ కాల్ లీకైంది. జులైలో సరిహద్దులో ఐదు రోజులు యుద్ధం. ఆగస్టు 29న రాజ్యాంగ కోర్టు ఆమెను పదవి నుంచి తప్పించింది.

ఆమె మాట జారడం తప్పే. కానీ నా దృష్టిలో రెండు వైపుల నాయకులూ ఈ గొడవని సొంత రాజకీయానికి వాడుకున్నారు. బలైంది మాత్రం థాయ్‌లాండ్‌లో కూలి చేసుకుని ఇంటికి డబ్బు పంపే కంబోడియా వాళ్లు. లక్షల మంది ఉన్నపళంగా పని వదిలేసి వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లేం తప్పు చేశారు?

ఫ్రెండ్స్, విదేశీ ఆఫర్ వస్తే జీతమొక్కటే కాదు, ఆ దేశంతో మన సంబంధాలు ఎలా ఉన్నాయో కూడా చూసుకోండి.