పొడి అక్షరాల ఆట: మతిమరుపుకు అది పరీక్షా? మందా?



పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చున్నచోట ఆడుకోదగిన ఆట ఒకటి ఉన్నది. ఆంగ్ల వర్ణమాల క్రమంలో రెండేసి పొడి అక్షరాలు తీసుకొని, ఒక చిన్న ఆధారం చెప్పి, ఆ పేరు ఎవరిదో అడుగుతారు. ఎ.ఎ. తో మొదలుపెట్టి ఎ.బి., ఎ.సి. అనుకుంటూ జడ్.జడ్. వరకు పోతే మొత్తం 676 జంటలు. ‘ఎ.ఎఫ్., 1928, పెన్సిలిన్’ అంటే అలెగ్జాండర్ ఫ్లెమింగ్. ‘ఇ.జె., 1796, మశూచి టీకా’ అంటే ఎడ్వర్డ్ జెన్నర్. ‘ఆర్.ఆర్., 1897, సికింద్రాబాదు, దోమ’ అంటే రొనాల్డ్ రాస్. ‘వై.ఎస్.’ అనగానే తెలుగువారి మనసు రాజకీయాలవైపు పోతుంది గాని, ‘బోదకాలు మందు’ అని ఆధారమిస్తే యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు వస్తారు.

ఈ ఆటను నేను ఎంతో మెచ్చుకుంటాను. అయితే దీనిని కొందరు వృద్ధుల మతిమరుపుకు పరీక్షగానూ, మరికొందరు మందుగానూ భావిస్తున్నారు. ఈ రెండూ పొరపాట్లే. మొదటిది ప్రమాదకరమైన పొరపాటు కూడా. అందుకే ఈ వ్యాసం.

వరుసలో మొదటి జంట ఎ.ఎ. నేటి యువకులు దానికి సినిమా నటుని పేరు చెప్పవచ్చు. వైద్యునికి మాత్రం తోచేది అలోయిస్ ఆల్జైమర్. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో ఆయన 51 ఏళ్ళ ఆగస్టె డేటర్ అనే రోగిని పరీక్షించారు. ఆమె మరణానంతరం మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, 1906లో ఆ వివరాలను తోటి వైద్యుల ముందుంచారు. ఆ వ్యాధికే తరువాత ఆయన పేరు వచ్చింది.

ఇప్పుడు ఆట వెనుక ఉన్న మెదడు సంగతి చూద్దాం. వయసు మీరిన కొద్దీ ముందుగా జారిపోయేవి మనుషుల పేర్లు. ఎదుటివారి ముఖం, వృత్తి, ఊరు అన్నీ తెలుస్తూనే ఉంటాయి, పేరు మాత్రం నాలుక చివరనే ఆగిపోతుంది. పేరుకు అర్థంతో సంబంధం లేకపోవడమే దీనికి ముఖ్య కారణం. ‘వడ్రంగి’ అనే మాటను ఉలి, కొయ్య, దూలం వంటి ఎన్నో మాటలు గుర్తుచేస్తాయి. ‘సుబ్బారావు’ అనే పేరును గుర్తుచేసే అటువంటి పట్టు ఏదీ లేదు. అక్కడే పొడి అక్షరం పనికివస్తుంది. మొదటి అక్షరం అందించగానే పేరు చటుక్కున వచ్చిందంటే, ఆ సమాచారం మెదడులో భద్రంగానే ఉన్నదనీ, బయటికి తీయడంలోనే ఆలస్యమైనదనీ అర్థం. ఇది వయసుతో వచ్చే సహజమైన మార్పు. ఆల్జైమర్ వ్యాధి తొలిదశలో కథ వేరు. నిన్న జరిగిన విషయం మెదడులో సరిగా నమోదే కాదు. నమోదు కాని దానికి ఎంత ఆధారమిచ్చినా ప్రయోజనం స్వల్పం.

మరి ఈ ఆట మంచి పరీక్షే కదా అని మీరు అడగవచ్చు. కాదు. ఆటలో మనం అడిగేవి పాత పేర్లు. ఆల్జైమర్ వ్యాధిలో చిన్ననాటి జ్ఞాపకాలు చాలాకాలం నిలిచి ఉంటాయి. నా వద్దకు వచ్చిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని కుటుంబం ఇక్కడే మోసపోయింది. ఆయన ఇటువంటి ఆటలలో మనుమలందరినీ ఓడించేవారు. అందుకే బజారుకు వెళ్ళి దారి తప్పినా, కట్టిన కరెంటు బిల్లునే మళ్ళీ కట్టినా, ‘నాన్నగారి బుర్రకేం, పాదరసం’ అని ఇంట్లోవారు కొట్టిపారేశారు. రెండేళ్ళ తరువాత తీసుకువచ్చారు. ఆ రెండేళ్ళలో ఆయన ఆస్తి వ్యవహారాలు చక్కబెట్టుకొని, తన ఇష్టాయిష్టాలు పిల్లలకు చెప్పి ఉండగలిగేవారు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ మరొకటి. ఒక పెద్దావిడ ఆటలో ఒక్క సమాధానమూ చెప్పడం లేదనీ, అడిగితే తెల్లబోయి చూస్తున్నదనీ కోడలు కంగారుపడింది. పరీక్షిస్తే రెండు చెవులా గుబిలి గట్టిపడి ఉన్నది. పైగా జలుబు మాత్రను నిద్రకు బాగుందని నెలల తరబడి రోజూ వేసుకుంటున్నది. కొన్ని పాతరకం జలుబు మాత్రలు వృద్ధుల మెదడును మందగింపజేస్తాయి. చెవులు శుభ్రం చేయించి, ఆ మాత్ర మాన్పించిన తరువాత ఆమె మునుపటి మనిషి అయింది.

ఇక మందు అన్న భావన. మెదడు ఆటలు ఆడితే మతిమరుపు రాదని చెప్పి అమ్మే యాప్‌లు చాలా ఉన్నాయి. ‘లుమాసిటీ’ అనే అటువంటి ఆటల యాప్ సంస్థ, చాలినంత శాస్త్రీయ ఆధారం లేకుండా ప్రచారం చేసిందన్న ఆరోపణపై, 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. సాధారణంగా ఏ ఆటను అభ్యసిస్తే ఆ ఆటలోనే నైపుణ్యం పెరుగుతుంది. 676 జంటలూ కంఠస్థం చేసినంత మాత్రాన పొయ్యి మీద పాలు గుర్తుంటాయని హామీ లేదు.

మరి ఏది మేలు చేస్తుంది? 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం 14 అంశాలను పేర్కొన్నది. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసులలో సుమారు 45 శాతం నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడం, మితిమీరిన మద్యం, వ్యాయామం లేకపోవడం, వినికిడి లోపం, చూపు లోపం, కుంగుబాటు, ఒంటరితనం వాటిలో ఉన్నాయి. మన ఆట చేయగల ఉపకారం ఈ చివరిదానిలో ఉన్నది. అది నలుగురిని ఒకచోట కూర్చోబెడుతుంది. అంతకన్న ఎక్కువ దాని నుండి ఆశించవద్దు.

కనుక ఆడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించండి. పెద్దవారి ఎదురుగా కూర్చొని, ముఖం కనబడేలా, స్పష్టంగా అడగండి. గడియారం పెట్టవద్దు. జవాబు రాకపోతే రెండవ ఆధారం, మూడవ ఆధారం ఇవ్వండి. ఆంగ్లం రానివారికి తెలుగు అక్షరాలతో, మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంచి అడగండి. ‘కం.వీ.’ అంటే కందుకూరి వీరేశలింగం, ‘టం.ప్ర.’ అంటే టంగుటూరి ప్రకాశం అని వారే మీకు నేర్పుతారు. తప్పు చెబితే నవ్వవద్దు. ‘అమ్మమ్మకు మతి పోయింది’ అన్న వేళాకోళం విన్న మనిషి మరునాటి నుండి నోరు విప్పదు.

ఆటలో మార్కులను కాదు, దైనందిన జీవితాన్ని గమనించండి. ఒకే ప్రశ్నను గంటలో పలుమార్లు అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్కలలో, మందులు వేసుకోవడంలో పొరపాట్లు, స్వభావంలో మార్పు వంటివి కొన్ని నెలలుగా కనిపిస్తుంటే వైద్యుని సంప్రదించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, కుంగుబాటు, వాడుతున్న మందులు వంటి సరిదిద్దగల కారణాలను ముందుగా వెదకాలి. వాడే మాత్రలన్నిటినీ ఒక సంచిలో వేసుకొని తీసుకువెళ్ళండి. గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో అకస్మాత్తుగా తికమక వస్తే అది మతిమరుపు కాదు, అత్యవసర పరిస్థితి. చక్కెర లేదా సోడియం తగ్గడం, ఇన్ఫెక్షన్, పక్షవాతం, తలకు దెబ్బ వంటివి కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవారితో ఎ.ఎ. నుండి మొదలుపెట్టండి. ఆట ముగిసిన తరువాత, ఉదయం ఏమి తిన్నారో, నిన్న ఎవరు వచ్చి వెళ్ళారో మాటల మధ్యలో అడగండి. ఆ జవాబు ఆటలోని జవాబులన్నిటికంటె విలువైనది.