అక్షరానికీ ఒక ముఖముంది

ఒకే మాటను గద్దించి చెప్పవచ్చు, చిరునవ్వుతోనూ చెప్పవచ్చు. పలుకునందు ఆ భేదాన్ని కంఠం తెలుపుతుంది. అచ్చునందు అక్షరపు ముఖవైఖరి తెలుపుతుంది. తెలుగు అచ్చుకు చిరునవ్వు నేర్పినవారిని తలచుకొన్నపుడు నాకు ముందుగా స్ఫురించేది మన గోదావరి సీమవాడైన బాపు.

1933లో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో జన్మించిన ఆ చిత్రకారుడు కథల శీర్షికలను, పుస్తకాల ముఖపత్రాలను స్వహస్తంతో వ్రాసేవారు. సీసపు అక్షరాలు కొలత తప్పక బారులు తీరిన పుటపై, చేతితో వ్రాసి బ్లాకు చేయించిన శీర్షిక గడపలో నిలిచి రమ్మని పిలిచే ఆత్మీయునివలె ఉండేది. కంప్యూటరు వచ్చిన పిదప ఆ చేతివ్రాత ఫాంటుగా రూపొందింది. 2014లో బాపు కన్నుమూసినా ఆ వ్రాత శుభలేఖలపై, దుకాణాల బోర్డులపై నేటికీ పలుకరిస్తూనే ఉంది. ఇది సంతోషించదగినదే.

అయితే సౌలభ్యం వివేకాన్ని మరపించరాదు. ఆ మధ్య మా వీధి మొగలో ఒక సంతాపపు ఫ్లెక్సీ చూచాను. గతించినవాడు పాతికేళ్లు నిండని యువకుడు. అతని పేరు ఇటువంటి గంతులు వేసే అక్షరాలలోనే ఉంది. చావింటికి నవ్వుతూ వచ్చిన చుట్టాన్ని చూచినట్లు నా మనస్సు చివుక్కుమన్నది. వ్రాయించినవారికి ప్రేమ లేక కాదు. అక్షరానికీ ముఖముంటుందని ఎవరూ వారికి చెప్పలేదు.

మరొక మాట. చేతివ్రాతలో ఒకే పదంలో రెండు 'ల'కారాలు వస్తే రెండూ అచ్చంగా ఒక్క తీరున ఉండవు. కింద ఒత్తు వస్తే పక్క అక్షరం కాస్త ఒదిగి చోటిస్తుంది. సాధారణమైన ఫాంటులో అదే 'ల' నూరుసార్లూ అదే నవ్వు నవ్వుతుంది. శీర్షికలో ముచ్చటైన ఆ నవ్వు పుటంతా పరచుకొంటే కంటికి శ్రమ.

మన ఉర్దూ విభాగపు పాఠకులకు ఈ కథ కొత్తది కాదు. వాలుగా దిగుతూ ఒకదానినొకటి అల్లుకొనే నస్తాలీఖ్ అక్షరాలు సీసపు అచ్చుకు సులభంగా లొంగలేదు. అందువలన ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబు కలాన్నే నమ్ముకొన్నాయి. 1981లో నూరీ నస్తాలీఖ్ ఫాంటు వెలువడింది. దానికోసం మీర్జా అహ్మద్ జమీల్ 20,000కు పైగా అక్షరసంయోగాలను చేతితో వ్రాశారు. ఆ పిమ్మట ఎందరో కాతిబులకు పని తగ్గింది. యంత్రానికి మూలమైనది చెయ్యే. యంత్రం వచ్చాక ముందుగా మూలపడినదీ చెయ్యే. నేడు చేతివ్రాతను విడనాడితే రేపటి ఫాంటుకు మాతృక ఎక్కడ దొరుకుతుంది?

కనుక నా మనవి ఇది. వ్యాసానికి నిరాడంబరమైన అచ్చు చాలు. ఆహ్వానానికి, అభినందనకు చేతివ్రాత ఫాంటు శోభనిస్తుంది. సంతాపానికి గంభీరమైన అక్షరమే తగును. మన సంచిక ముఖపత్రంపై పేరును మాత్రం ఏటేటా ఒక విద్యార్థి తెలుగులోనూ, మరొక విద్యార్థి ఉర్దూలోనూ చేతితోనే వ్రాయాలి. గీత కాస్త వంకరపోయినా చింత లేదు. పదేళ్ల తరువాత ఆ సంచిక తెరచినపుడు, ఆ వంకరను చూచే వ్రాసినదెవరో గుర్తుపడతాము.