సముద్రపు జమాఖర్చు

"మనం పీల్చే ప్రాణవాయువులో సగం సముద్రం ఇచ్చిందే" అన్న వాక్యం మీరు చదివే ఉంటారు. వక్తృత్వ పోటీల్లోనూ, బడి గోడపత్రికల్లోనూ అది తరచుగా కనిపిస్తుంది. దాని వెనకే మరొక మాట కూడా వస్తుంది: సముద్రంలోని ప్లవకాలు నశిస్తే మనకు ఊపిరాడక చచ్చిపోతామని. పిల్లలూ, వీటిలో మొదటి మాట సగం నిజం. రెండవది నిజం కాదు. సగం నిజాన్ని పూర్తి నిజంగా బడిలో నేర్పడం మానుకోవాలని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

ముందుగా ఆ సగం నిజం సంగతి. సముద్రపు నీటిలో ఈదే శక్తి అంతగా లేక, ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు తేలిపోయే జీవులను ప్లవకాలు అంటాం. వాటిలో పత్రహరితం ఉన్నవి వృక్ష ప్లవకాలు. ఇతర జీవులను తిని బతికేవి జంతు ప్లవకాలు. వృక్ష ప్లవకాలలో గాజుపెట్టెల్లాంటి కవచాలు గల డయాటమ్‌లు ఉన్నాయి. అంతకంటే చాలా చిన్నవైన బాక్టీరియా కూడా ఉన్నాయి. ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా మిల్లీమీటరులో వెయ్యో వంతు పొడవైనా ఉండదు. 1986లో శాలీ చిజమ్, ఆమె తోటి శాస్త్రజ్ఞులు కనుగొనేదాకా అలాంటి జీవి ఒకటి ఉన్నదని ఎవరికీ తెలియదు. ఇంతటి అల్పజీవులన్నీ కలిసి, భూమి మీద ఏటా జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం జరుపుతున్నాయి. తక్కిన సగం నేల మీది అడవులు, గడ్డి, పైరు పచ్చలది. ఇంతవరకు నిజమే.

కాని జమ చూసి సంతోషించేవాడు ఖర్చు కూడా చూడాలి కదా!

ప్లవకం పగటిపూట ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. అదే ప్లవకం పగలూ రాత్రీ శ్వాసిస్తూ ఆక్సిజన్ వాడుకుంటుంది కూడా. దానిని తినే జంతు ప్లవకం శ్వాసిస్తుంది. జంతు ప్లవకాన్ని తినే చేప శ్వాసిస్తుంది. చచ్చినవాటినీ, విసర్జించినవాటినీ కుళ్ళబెట్టే బాక్టీరియా అన్నిటికంటే గట్టిగా శ్వాసిస్తుంది. ఇలా సముద్రంలో తయారైన ఆక్సిజన్ ఇంచుమించు అంతా సముద్రంలోనే ఖర్చయిపోతుంది. నూటికి ఒక వంతు కూడా మిగలదు. నెలకు నూరు రూపాయలు సంపాదించి తొంభైతొమ్మిది రూపాయల పైచిలుకు ఇంటికే ఖర్చు చేసుకునే మనిషి, ఊరికి నెలనెలా నూరు రూపాయలు దానం చేస్తున్నాడని ఎవరైనా అంటారా? అడవుల విషయం కూడా అంతే. అవి చేసే ఆక్సిజన్ ఇంచుమించు అంతా అక్కడి చెట్లు, చెదలు, శిలీంధ్రాలే వాడుకుంటాయి.

అయితే గాలిలో నూటికి 21 పాళ్ళ ఆక్సిజన్ ఎలా చేరిందంటారా? చచ్చిన ప్లవకాలలో అతి కొద్ది భాగం కుళ్ళకముందే సముద్రం అడుగున బురదలో పూడిపోతుంది. దానిని కుళ్ళబెట్టడానికి కావలసిన ఆక్సిజన్ ఖర్చుగాకుండా మిగిలిపోతుంది. ఈ చిన్న మిగులే సుమారు 240 కోట్ల సంవత్సరాల నాటినుంచి గాలిలో పోగుపడుతూ వచ్చింది. మనం పీల్చేది నిన్నటి ప్లవకాల సంపాదన కాదు, యుగయుగాల నిల్వ. 1970లో వాలెస్ బ్రోకర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 'సైన్స్' పత్రికలో ఈ లెక్క వేసి, మానవులకు గాలిలో ఆక్సిజన్ కరువు వస్తుందన్న భయం అక్కరలేదని చూపించాడు. భూమి మీది జీవపదార్థమంతా ఒక్కసారిగా కాలిపోయినా ఆ నిల్వలో నూటికి ఒక వంతు కూడా తరగదు. అప్పుడు మనం ఆకలితో చస్తాం గాని ఊపిరాడక చావం.

"మాస్టారూ, అయితే సముద్రం గురించి బెంగ లేదన్నమాట!" అని మీరనవచ్చు. బెంగ ఉంది. కాని అది మన ఊపిరి గురించి కాదు, చేప ఊపిరి గురించి. మనం బెంగపడవలసిన చోటును ఆ నినాదం మన కంట పడనీయదు. అందుకే దానిమీద నాకు కోపం.

ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. మన తీరంలో ఒక లీటరు వెచ్చని సముద్రపు నీటిలో, పైపొరలో సైతం 6 లేదా 7 మిల్లీగ్రాములకు మించి కరగదు. గాలి కోటీశ్వరుడైతే సముద్రం రోజుకూలీ. అది కూడా పైపొర మాటే. ఎంత తేటనీరైనా 200 మీటర్లు దిగేసరికి ప్లవకాలకు చాలినంత వెలుగు అందదు. అక్కడినుంచి కిందికి జమ లేదు, ఖర్చే. పైనుంచి రాలే చచ్చిన ప్లవకాలను తింటూ బాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ ఊడ్చేస్తుంది.

ఉదాహరణకు మన బంగాళాఖాతాన్నే తీసుకోండి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. గాలి ఎంత వీచినా పైనీరు, కిందినీరు బాగా కలవవు. కనుక సుమారు వంద మీటర్లు దాటి కిందికి పోతే, కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు శూన్యమైన పొర ఒకటి ఉంది. ఈ పొర మనుషులు చేసినది కాదు. కాని సముద్రం వేడెక్కేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, నీటిపొరలు కలవడం కూడా తగ్గుతుంది. 1960 నుంచి 2010 వరకు, యాభై ఏళ్ళలో ప్రపంచ సముద్రాలన్నిటిలోని ఆక్సిజన్ నూటికి రెండు వంతులు తగ్గిందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. గాలికి రెండు వంతులు పెద్ద లెక్క కాకపోవచ్చు. రోజుకూలీకి అది పెద్ద లెక్కే.

ఇంకొక ప్రమాదం ఉంది. "ప్లవకాలు ఆక్సిజన్ ఇస్తాయి" అని మాత్రమే నేర్చుకున్న విద్యార్థిని, "నీరు ఎంత పచ్చగా ఉంటే అంత ఆక్సిజన్ కదా?" అని అడగండి. అవునంటాడు. భీమవరం వైపు చేపల చెరువు రైతును అడగండి. కాదంటాడు! నీరు మరీ పచ్చబడితే మధ్యాహ్నం ఆక్సిజన్ నిండుగా ఉంటుంది గాని, రాత్రంతా ఆ పచ్చదనమే దానిని మింగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. మబ్బు పట్టిన రోజుల తరువాత అయితే మరీ కష్టం. అందుకే రైతులు కరెంటు ఖర్చు భరించి రాత్రివేళ చెరువులో ఏరేటర్లు తిప్పుతారు. అమెరికాలో మిసిసిపీ నది పొలాల ఎరువులను మెక్సికో సింధుశాఖలోకి మోసుకుపోతుంది. ఆ ఎరువులకు ప్లవకాలు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుగున కుళ్ళి, ప్రతి వేసవిలోనూ అక్కడ వేల చదరపు కిలోమీటర్ల మేర ఆక్సిజన్ కరువు తెస్తాయి. నినాదం ప్రకారం అక్కడ ఆక్సిజన్ పొంగిపొర్లాలి మరి!

"చిన్నపిల్లలకు ఇంత లెక్క ఎందుకు? ప్లవకాల మీద గౌరవం కలిగితే చాలదా?" అని నా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ప్లవకాలను గౌరవించడానికి అబద్ధం అవసరమా? సముద్రంలోని చేపలన్నిటి తిండికీ మూలం అవే. గాలిలోని కార్బన్ డయాక్సైడును కొంత సముద్రగర్భానికి చేరవేసేవీ అవే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ, ప్లవకాల పచ్చదనాన్నీ సముద్రం వెచ్చదనాన్నీ ఉపగ్రహాలతో కొలిచి, చేపలు ఎక్కడ దొరుకుతాయో మన జాలరులకు చెబుతోంది. ఈ గౌరవం చాలదా? పైగా, అబద్ధపు భయం ఒకనాడు తేలిపోతుంది. తేలిపోయిన రోజున పిల్లవాడు మనం చెప్పిన నిజాలను కూడా నమ్మడు.

నేను కోరేది పెద్ద మార్పు కాదు. పాఠంలో "ఉత్పత్తి చేస్తాయి" అన్న మాట పక్కన "వాడుకుంటాయి" అన్న మాట చేర్చాలి. పరీక్షలో "ఎంత తయారవుతుంది?" అని అడిగినప్పుడు "ఎంత మిగులుతుంది?" అని కూడా అడగాలి. ప్రతి బడిలో రెండు సీసాల ప్రయోగం చేయించాలి. ఇది 1927లో గార్డర్, గ్రాన్ అనే నార్వే శాస్త్రజ్ఞులు చేసి చూపినదే.

పెద్దవారి తోడుతో చెరువు నీటిని మూడు సీసాలలో, గాలి బుడగ లేకుండా నింపండి. మొదటి దానిలోని ఆక్సిజన్‌ను వెంటనే కొలవండి. చెరువుల రైతులు వాడే పరీక్ష కిట్టు చాలు. రెండవదాన్ని అలాగే, మూడవదాన్ని నల్లగుడ్డ గట్టిగా చుట్టి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా నీటిలో వేలాడదీయండి. తరువాత రెండూ కొలవండి. మాటవరసకు మొదట లీటరుకు 6 మిల్లీగ్రాములు ఉన్నదనుకుందాం. సాయంత్రానికి వెలుతురు సీసాలో 8, చీకటి సీసాలో 5 వచ్చాయి. చీకటిలో తగ్గిన 1 ఖర్చు. వెలుతురులో పెరిగిన 2 మిగులు. రెండూ కలిపితే 3, అదే అసలు సంపాదన. రాత్రి ఖర్చు ఇంకా లెక్కలోకి రాలేదని మరచిపోకండి!

మూడు సీసాలు, రెండు తీసివేతలు, ఒక కూడిక. ఇది చేసిన పిల్లవాడిని ఏ నినాదమూ మోసం చేయలేదు. ఇకమీదట ఎవరైనా "ఇంత ఇస్తుంది" అని చెబితే, "ఎంత తీసుకుంటుంది?" అని అడగండి. మీ మాస్టారు చెప్పినా సరే, అడగండి.