369 గొప్పదా, 346 గొప్పదా?

కబడ్డీ చూసేవాళ్లు ఇద్దరు కలిస్తే మూడో నిమిషంలో ఒకటే ప్రశ్న వస్తది: అసలు ఆల్ టైమ్ నంబర్ వన్ రైడర్ ఎవరు? కల్హేర్ బస్టాండ్ దగ్గర టీ తాగుతూ అడిగినా, నారాయణఖేడ్‌లో కాలేజీ గేటు ముందు అడిగినా ఇదే లొల్లి. ఒకడు పర్‌దీప్ అంటాడు, ఇంకొకడు పవన్ అంటాడు. పక్కన కూసున్న పెద్దమనిషి మాత్రం "అనూప్ ఆట చూసినార్రా మీరు?" అని ఒక్క మాట అనేసి మళ్లీ పేపర్లో తలపెడతాడు.

ఈ వారం ఆ లొల్లి తేల్చేద్దాం. కనీసం ఎట్లా తేల్చాలో చూద్దాం. ఎందుకంటే గొడవ పేర్ల మీద కాదు, కొలబద్ద మీద. ఎవరి చేతిలో ఏ టేపు ఉంటే వాళ్ల హీరో పొడుగ్గా కనిపిస్తాడు.

ముందు అందరి ఫోన్లలో తిరిగే అంకె. ప్రో కబడ్డీ లీగ్ ఐదో సీజన్, 2017. పట్నా పైరేట్స్ తరఫున పర్‌దీప్ నర్వాల్ 369 రైడ్ పాయింట్లు కొట్టాడు. ఒక సీజన్‌లో అంతకన్నా ఎక్కువ ఇంతవరకు ఎవరూ కొట్టలేదు. రెండేళ్ల తర్వాత, ఏడో సీజన్‌లో బెంగళూరు బుల్స్ తరఫున పవన్ సెహ్రావత్ 346 కొట్టాడు. 369 పెద్దది, 346 చిన్నది. కథ కంచికి?

ఆగండి. పర్‌దీప్ ఆ సీజన్‌లో 26 మ్యాచ్‌లు ఆడాడు. పవన్ ఆడింది 24. భాగిస్తే పర్‌దీప్‌కు మ్యాచ్‌కు 14.2, పవన్‌కు 14.4. రికార్డు పర్‌దీప్‌ది, సగటు పవన్‌ది. ఇక్కడే సగం మంది పార్టీ మారుస్తారు.

సరిగ్గా ఇదే పేచీ అమెరికాలో యాభై ఏళ్లుగా నడుస్తోంది. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతిని చంకలో పెట్టుకుని మనుషుల మధ్యలోంచి దూసుకుపోయే ఆట. అట్లా దూసుకుపోయేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. చూస్తే మన రైడర్‌కు దూరపు చుట్టంలాగే ఉంటాడు: ఎదురుగా పట్టుకోవడానికి గుంపు, తప్పించుకోవడానికి ఒళ్లు, అంతే. 1973లో ఓ.జె. సింప్సన్ ఒక సీజన్‌లో 2,003 గజాలు పరుగెత్తాడు. 1984లో ఎరిక్ డికర్సన్ 2,105 గజాలతో ఆ రికార్డు కొట్టేశాడు. కానీ సింప్సన్ కాలంలో సీజన్‌కు 14 మ్యాచ్‌లే. డికర్సన్ కాలానికి 16 అయ్యాయి. మ్యాచ్‌కు లెక్క వేస్తే సింప్సన్‌ది 143, డికర్సన్‌ది దాదాపు 132. రికార్డు పుస్తకంలో డికర్సన్ పేరు, సగటులో సింప్సన్ పేరు.

ఇంకో జంట. మొత్తం కెరీర్‌లో ఎక్కువ గజాలు ఎమ్మిట్ స్మిత్‌వి: 18,355. జిమ్ బ్రౌన్‌వి 12,312. కానీ బ్రౌన్ 1957 నుంచి 1965 దాకా తొమ్మిదే సీజన్లు ఆడి, సినిమాల్లోకి వెళ్లిపోయాడు. మ్యాచ్‌కు 104 గజాలు ఆయన సగటు. స్మిత్‌ది 81. డాలస్‌లో స్థిరపడ్డ మన తెలుగు అన్నలను అడిగితే ఎమ్మిట్ స్మిత్ అంటారు, ఆయన వాళ్ల ఊరి టీమ్ డాలస్ కౌబాయ్స్ హీరో కాబట్టి. మనం టైటాన్స్ అన్నట్టే.

సరే, మన మ్యాట్ మీదికి వద్దాం. సగటు ఒక్కటే చూస్తే సరిపోతదా? సరిపోదు. నా కొలతలు నాలుగు.

మొదటిది, మ్యాచ్‌కు ఎన్ని. మొత్తం అంకె ఎప్పుడూ కొత్తవాళ్ల పక్షమే. 2014లో లీగ్ మొదలైనప్పుడు ఎనిమిది టీములు, లీగ్ దశలో ఒక్కో టీముకు 14 మ్యాచ్‌లు. 2017లో పన్నెండు టీములయ్యాయి, మ్యాచ్‌లు 22కు పెరిగాయి. మొదటి సీజన్‌లో అందరికన్నా ఎక్కువ రైడ్ పాయింట్లు యు ముంబా కెప్టెన్ అనూప్ కుమార్‌వి, 155. మన తెలుగు టైటాన్స్ కుర్రాడు రాహుల్ చౌదరివి 151. కానీ అనూప్ 16 మ్యాచ్‌లు ఆడితే రాహుల్ 14తో ఆగిపోయాడు, టైటాన్స్ సెమీస్‌కు పోలేదు మరి. సగటు తీయండి: అనూప్ 9.7, రాహుల్ 10.8. తొలి సీజన్ అసలు నంబర్ వన్ మన జెర్సీలోనే ఉన్నాడు. ఈ ముక్క టైటాన్స్ ఫ్యాన్స్ స్టేటస్ పెట్టుకోవచ్చు.

రెండోది, తన కాలంలో మిగతావాళ్లకన్నా ఎంత ముందున్నాడు. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ఒక్కో సీజన్ ఒక్కో తీరు. ఏడో సీజన్ చూడండి. పవన్ 346, పర్‌దీప్ 302, దబంగ్ ఢిల్లీ నవీన్ కుమార్ 301. ముగ్గురు 300 దాటారు. అంటే ఆ ఏడు రైడర్లకు పంట బాగా పండింది. ఐదో సీజన్‌లో? పర్‌దీప్ 369 దగ్గరుంటే, రెండో స్థానంలో ఉన్న రైడర్ 220 కూడా దాటలేదు. క్లాసులో ముగ్గురికి తొంభైలు వస్తే పేపర్ ఈజీ అనొచ్చు. ఒక్కడికే తొంభై వచ్చి రెండోవాడు యాభై ఐదు దగ్గరుంటే, వాడు మొనగాడు. 14.2కూ 14.4కూ మధ్య ఉన్న ఆ చిన్న తేడా ఈ కొలత ముందు నిలబడదు.

మూడోది, పెద్ద మ్యాచ్. లీగ్‌లో ఆఖరి టీము మీద ఇరవై కొట్టడం వేరు, ఓడితే ఇంటికే అన్న రోజు కొట్టడం వేరు. పర్‌దీప్ 2017 ఎలిమినేటర్‌లో హర్యానా స్టీలర్స్ మీద 34 పాయింట్లు చేశాడు. అందులో ఒకే కూతలో ఆరుగురిని ఔట్ చేసి, ఆలౌట్ పాయింట్లు రెండు కలుపుకొని ఎనిమిది తెచ్చాడు. ఆ వీడియో చూడనివాళ్లు ఈ వ్యాసం ఆపి చూసి రండి. పవన్ ఏం తక్కువ కాదు. 2019 జనవరిలో ఆరో సీజన్ ఫైనల్లో గుజరాత్ మీద ఒక్కడే 22 రైడ్ పాయింట్లు కొట్టి బెంగళూరుకు కప్పు తెచ్చాడు. అదే ఏడాది అక్టోబరులో ఒకే మ్యాచ్‌లో 39 కొట్టాడు. అది కూడా హర్యానా స్టీలర్స్ మీదే. వాళ్లేం పాపం చేశారో పాపం.

నాలుగోది, ఎన్నేళ్లు నిలబడ్డాడు. రైడర్ మోకాలు కొబ్బరికాయ కాదు, పగిలితే ఇంకోటి తెచ్చుకోవడానికి. 2022లో పవన్ కొత్త టీము తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం బయట కూర్చున్నాడు. మరుసటి వేలంలో మన టైటాన్స్ అతణ్ణి రెండున్నర కోట్లకు పైగా పెట్టి కొన్నది. బెంగాల్ వారియర్స్ మణీందర్ సింగ్ కథ ఇంకో రకం. మొదటి సీజన్‌లో జైపూర్‌తో కప్పు గెలిచి, తర్వాత మూడు సీజన్లు కనబడలేదు. ఐదో సీజన్‌లో తిరిగొచ్చి, ఆ తర్వాత 1,500 రైడ్ పాయింట్లు దాటాడు. పర్‌దీప్ 2025లో రిటైరయ్యేనాటికి 1,800 దాటేశాడు.

ఈ నాలుగు కొలతలు పెట్టి నా లిస్టు ఇది.

ఒకటి, పర్‌దీప్ నర్వాల్. తన కాలాన్ని అంత దూరం వెనక్కి నెట్టినవాడు ఇంకొకడు లేడు. డిఫెండర్ల చేతుల గొలుసు కిందినుంచి డుబ్కీ కొట్టడం గల్లీ గల్లీలో పిల్లలకు నేర్పింది అతనే.

రెండు, పవన్ సెహ్రావత్. వరుసగా ఆరు, ఏడు, ఎనిమిది సీజన్లలో అందరికన్నా ఎక్కువ రైడ్ పాయింట్లు. డిఫెండర్ల మీదినుంచి ఎగిరేవాడు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్ స్వర్ణం గెలిచిన జట్టుకు కెప్టెన్.

మూడు, అనూప్ కుమార్. ఇక్కడ అంకెలు చూసి నవ్వకండి. బోనస్ గీత మీద అడుగు పెట్టి నింపాదిగా వెనక్కి వచ్చే ఆయన ఆట స్కోర్‌బోర్డు మీద పెద్దగా కనిపించదు, కప్పు మీద కనిపిస్తది. 2010, 2014 ఏషియాడ్ స్వర్ణాలు, 2016 ప్రపంచకప్‌కు కెప్టెన్సీ.

నాలుగు, మణీందర్ సింగ్. ఐదు, రాహుల్ చౌదరి. టైటాన్స్ మీద ప్రేమతో రాహుల్‌ను ఇంకో మెట్టు ఎక్కించాలని చెయ్యి లాగుతోంది. కానీ మ్యాచ్‌లు పెరిగిన కొద్దీ అతని సగటు తగ్గింది, టైటాన్స్‌తో కప్పు రానే లేదు. ప్రేమ వేరు, లిస్టు వేరు.

ఇక ఆ పేపర్ చదివే పెద్దమనిషి ప్రశ్నకు వద్దాం. మన లిస్టులన్నీ 2014 నుంచే ఎందుకు మొదలవుతాయి? కబడ్డీ అప్పుడే పుట్టిందా? 1990 బీజింగ్ ఏషియాడ్ నుంచి ఈ ఆటకు పతకాలున్నాయి. భారత పురుషుల జట్టు వరుసగా ఏడుసార్లు స్వర్ణం గెలిచింది. 2018 జకార్తా సెమీస్‌లో ఇరాన్ ఆపేదాకా స్వర్ణం మనదే. ఆ జట్లలో కూతకు పోయినవాళ్లు ఎన్ని పాయింట్లు తెచ్చారో మన ఫోన్లో దొరకదు. దొరకదు కాబట్టి లిస్టులో ఉండరు.

పైగా ఆట కూడా వేరు. మట్టి కోర్టు, ఒట్టి కాళ్లు. లీగ్ వచ్చాక మూడో కూత డు ఆర్ డై అయింది. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానిలో పాయింటు తేవాలి, లేదా ఔట్. అంతకుముందు లీడ్‌లో ఉన్న జట్టు రైడర్ ఊరికే వెళ్లి, ఊపిరి ఉన్నంతసేపు తిరిగి, నడిగీత దాటి వచ్చేవాడు. అది పిరికితనం కాదు, అప్పటి తెలివి. అప్పటి రైడర్‌ను ఇప్పటి పాయింట్ల పట్టికలో తూచడమంటే, సోలెడు గింజలను మీటరు టేపుతో కొలవడమే.

అమ్మాయిల సంగతి ఇంకా అన్యాయం. హాంగ్‌ఝౌలో మన అమ్మాయిలు చైనీస్ తైపీని 26-25తో ఓడించి తెచ్చిన స్వర్ణమే ఆ ఏషియాడ్‌లో దేశానికి వందో పతకం. ఒక్క పాయింటు తేడా. కానీ ఆ జట్టులో రైడర్ల పేర్లు ముగ్గురివి చెప్పమంటే మనలో ఎంతమంది చెప్తాం? 2016లో ప్రో కబడ్డీతో పాటు మూడు టీములతో మహిళల కబడ్డీ చాలెంజ్ పెట్టారు. మగవాళ్ల లీగులాగా అది ఏటేటా సాగలేదు. అందుకే "ఆల్ టైమ్" అని రాసుకునే ప్రతి లిస్టూ నిజానికి మగవాళ్ల లిస్టు, టీవీ వచ్చిన తర్వాతి లిస్టు. నాదీ అంతే.

మరి మన దగ్గర? ఈ ప్రాంతం 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. ఇటు చెడుగుడు, అవతల మరాఠీ ఊళ్లలో హుతుతూ. పేరు మారినా కూత ఒక్కటే. జాతరలకూ పండుగలకూ ఇప్పటికీ ఊరి మధ్య ముగ్గుపిండితో గీతలు గీసి ఆడుతున్నరు. ఎవరు గెలిచారో మరుసటి రోజు దాకా యాదికుంటది. ఎవరు ఎన్ని తెచ్చారో ఆ సాయంత్రానికే మరిచిపోతరు. గెలిచిన జట్టు షీల్డుతో దిగిన ఫొటో ఉంటది, లెక్క ఉండదు.

ఈ లెక్క లేకపోవడం చిన్న నష్టం కాదు. ఊరి మైదానంలో ఆడే పిల్లగాడు జిల్లా సెలెక్షన్‌కు పోతే "బాగా ఆడతాడు సార్" అని చెప్పేవాళ్లు పది మంది ఉంటరు. పది మ్యాచ్‌ల్లో ఎన్ని కూతలు పోయాడు, ఎన్ని తెచ్చాడు, డు ఆర్ డైలో ఏం చేశాడు అని చూపించే కాగితం ఒక్కటి ఉండదు. అప్పుడు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల పిల్లగాడే ముందుకు పోతాడు.

అందుకే ఈసారి మీ ఊళ్లో టోర్నమెంటు జరిగితే ఒక పని చెయ్యండి. ఆడని దోస్తు ఒకరుంటరు కదా, చేతిలో ఫోనుతో. వాళ్లకు చెప్పండి, నోట్స్‌లో ఒక్కో రైడర్ పేరు కింద ఐదు అంకెలు రాయమని: మొత్తం కూతలు, టచ్ పాయింట్లు, బోనస్‌లు, ఖాళీ కూతలు, పట్టుబడ్డవి. కుదిరితే డు ఆర్ డై కూతల పక్కన ఒక చుక్క. అమ్మాయిల మ్యాచ్‌కు కూడా ఇంతే. నలభై నిమిషాల పని.

పర్‌దీపా, పవనా అన్న లొల్లికి అంతం లేదు, ఉండొద్దు కూడా. ఆట బతికి ఉందనడానికి అదే గుర్తు. కానీ ఆ లొల్లిలో కూసోవాలంటే ముందు లెక్క కావాలి. వాళ్ల అంకెలు వాళ్ల లీగు రాసిపెట్టింది. మన పిల్లలవి మనమే రాయాలి.