‘ఈ కాలం పిల్లలు’ అనే ముందు ఒక లెక్క

2022 జూన్‌తో ముగిసిన త్రైమాసికానికి ఇన్ఫోసిస్ ప్రకటించిన అట్రిషన్ రేటు 28.4 శాతం. అంటే అంతకుముందు పన్నెండు నెలల్లో సుమారుగా ప్రతి వంద మందిలో ఇరవై ఎనిమిది మంది తమంతట తాము ఉద్యోగం వదిలి వెళ్లారు. టీసీఎస్‌లో అదే ఏడాది సెప్టెంబరు నాటికి ఈ రేటు 21.5 శాతం. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో అప్పుడు తరచుగా వినిపించిన వివరణ ఒకటుంది. ఈ తరానికి నిలకడ లేదు, సంస్థ మీద అభిమానం లేదు, నోటీసు పీరియడ్‌లో ఉండగానే చేతిలో మూడు ఆఫర్ లెటర్లు పెట్టుకుని బేరాలాడతారు అని.

2024 మార్చి నాటికి ఆ రేటు ఇన్ఫోసిస్‌లో 12.6కి, టీసీఎస్‌లో 12.5కి దిగింది. ఒక తరం స్వభావం రెండేళ్లు తిరగకముందే ఇంతలా మారిపోతుందా? మారింది మార్కెట్. కరోనా రోజుల్లో డిజిటల్ పనులకు ఒక్కసారిగా గిరాకీ పెరిగి, ఒక కంపెనీ మనుషుల్ని ఇంకో కంపెనీ ఎక్కువ జీతమిచ్చి తీసుకుంది. అమెరికా, యూరప్ క్లయింట్లు ఖర్చులు తగ్గించుకోగానే ఆఫర్లు తగ్గిపోయాయి, ఉన్నవాళ్లు కదలడం మానేశారు. అయినా ‘ఈ పిల్లలకు నిలకడ వచ్చింది’ అని మెచ్చుకున్నవారు మాత్రం నాకు ఎక్కడా తారసపడలేదు.

యువ ఉద్యోగుల గురించి ఆఫీసుల్లో, టీవీ చర్చల్లో, లింక్డ్‌ఇన్ పోస్టుల్లో నడిచే మాటల్లో చాలా భాగం ఇదే పొరపాటు మీద నిలబడి ఉంది. ఒక మనిషి పనితీరు మీద కనీసం మూడు ప్రభావాలుంటాయి. ఒకటి వయసు. ఇరవై నాలుగేళ్లకు చాలామందికి పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐలు ఉండవు కాబట్టి ఉద్యోగం మారడం తేలిక. రెండోది కాలం. కరోనా, మాంద్యం, ఏఐ లాంటివి అన్ని వయసులవారినీ ఒకేసారి తాకుతాయి. మూడోది పుట్టిన సంవత్సరం. ‘తరం’ అనే మాటకు అసలు అర్థం ఈ మూడోదే.

చిక్కేమిటంటే ఈ మూడూ ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి. 2025లోంచి 2001 తీసేస్తే 24. ఏ రెండు తెలిసినా మూడోది దానంతట అదే వచ్చేస్తుంది. తెలియని రాశులు మూడు, సమీకరణాలు రెండే ఉంటే ఏమవుతుందో ఇంటర్మీడియట్ విద్యార్థిని అడిగినా చెబుతాడు. గణాంకవేత్తలు, జనాభా శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా దీనితో కుస్తీ పడుతున్నారు. ఎంత డేటా పోగేసినా, బయటి నుంచి ఏదో ఒక ఊహను తెచ్చి కలపకుండా ఈ మూడు ప్రభావాలను పూర్తిగా విడదీయలేం. అలాంటిది ఒక్కసారి చేసిన ఆన్‌లైన్ సర్వే చూపించి ‘ఇదీ జెన్ జీ మనస్తత్వం’ అంటే, ఆ తేడా వయసు వల్ల వచ్చిందో పుట్టిన ఏడాది వల్ల వచ్చిందో ఆ సర్వే చేసినవారికే తెలిసే మార్గం లేదు.

వయసు ప్రభావం తక్కువేమీ కాదు. అవే మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించిన అనేక అధ్యయనాలను కలిపి 2006లో ఒక విశ్లేషణ ప్రచురించారు. బాధ్యతగా, క్రమపద్ధతిలో ఉండే గుణం ఇరవైలు దాటాక పెరుగుతూ పోతుందని అందులో తేలింది. కాబట్టి యాభై ఏళ్ల మేనేజరు ఇరవై నాలుగేళ్ల ట్రైనీ పక్కన తనను నిలబెట్టుకుని చూసుకుంటే తేడా కనిపించి తీరుతుంది. పోల్చుకోవాల్సింది 1999 నాటి తనతో. ఆ మనిషి ఇప్పుడు దొరకడు. జ్ఞాపకంలో మిగిలినవాడు మెరుగులు దిద్దుకున్నవాడు.

ఈ మెరుగులు ఎలా పడతాయో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు జాన్ ప్రోట్జ్‌కో, జొనాథన్ స్కూలర్ 2019లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో చూపించారు. పుస్తకాలు బాగా చదివే పెద్దలు ‘ఈ కాలం పిల్లలు చదవడం లేదు’ అని ఎక్కువగా అన్నారు. పెద్దల మాటకు విలువ ఇవ్వాలని గట్టిగా నమ్మేవారు ‘ఈ పిల్లలకు గౌరవం తెలియదు’ అన్నారు. ఎవరు ఏ విషయంలో మిన్నగా ఉంటే, ఆ విషయంలోనే పిల్లలు దిగజారినట్లు వారికి కనిపించింది. ఇప్పుడు తాను ఎలా ఉన్నాడో చిన్నప్పుడూ అలాగే ఉండేవాడినని, తన ఈడువాళ్లంతా అలాగే ఉండేవారని మనిషి అనుకుంటాడన్నది వారి వివరణ. దాన్ని పరీక్షించడానికి ఇంకో ప్రయోగం చేశారు. పుస్తక పరిచయానికి సంబంధించిన ఒక పరీక్ష పెట్టి, అసలు మార్కులతో సంబంధం లేకుండా కొందరికి ‘మీకు తక్కువ వచ్చాయి’ అని చెప్పారు. వారిలో పిల్లల మీద ఫిర్యాదు కాస్త మెత్తబడింది.

చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండు ఇస్తామనే మార్ష్‌మాలో పరీక్ష సంగతి చాలామందికి తెలిసిందే. ఈ కాలం పిల్లలు అంతసేపు ఆగలేరని అమెరికాలో అడిగిన పెద్దల్లో నలుగురిలో దాదాపు ముగ్గురు అన్నారు. 2018లో పాత, కొత్త ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, 2000ల్లోని పిల్లలు 1960ల పిల్లలకంటే సగటున రెండు నిమిషాలు ఎక్కువ ఆగారు.

నిలకడలేమి ఆరోపణ కూడా ఇలాంటిదే. అమెరికా కార్మిక గణాంక సంస్థ లెక్కల్లో 25 నుంచి 34 ఏళ్ల ఉద్యోగులు ప్రస్తుత సంస్థలో గడిపిన కాలానికి మధ్యగత విలువ 1983లో 3 ఏళ్లు, 2022లో 2.8 ఏళ్లు. దాదాపు నలభై ఏళ్లలో తేడా రెండున్నర నెలలు. మన దగ్గర అంత పొడవైన లెక్క లేకపోయినా, జ్ఞాపకాలు ఉన్నాయి. తొంభైల్లో ప్రభుత్వరంగ సంస్థల్లో స్థిరమైన ఉద్యోగాలు వదిలి సాఫ్ట్‌వేర్‌కు మారినవారు, వై2కే పనుల కోసం అమెరికా విమానం ఎక్కి అక్కడ ఒక కన్సల్టెన్సీ నుంచి ఇంకోదానికి మారినవారు మన ఇళ్లలోనే ఉన్నారు. ‘పెన్షన్ వచ్చే ఉద్యోగం కాలదన్నుకున్నాడు’ అని ఆనాటి పెద్దలు వారిని అన్నారు. వారిలో కొందరు నేటి వైస్ ప్రెసిడెంట్లు.

2020లో అమెరికా నేషనల్ అకాడెమీస్ నిపుణుల సంఘం ఈ పరిశోధనలన్నీ పరిశీలించి, తరాల వర్గీకరణ ఆధారంగా ఉద్యోగులను నడిపించే విధానాలకు శాస్త్రీయమైన పునాది లేదని తేల్చింది. ఈ పేర్లను జనంలోకి తీసుకెళ్లినవాటిలో ఒకటైన ప్యూ రీసెర్చ్ సెంటర్ కూడా వాటి వాడకాన్ని బాగా తగ్గించుకుంటామని 2023లో ప్రకటించింది. మనం మాత్రం ఇప్పుడిప్పుడే ఉత్సాహంగా అందుకుంటున్నాం. బేబీ బూమర్ అనే పేరు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో జననాలు పెరగడం వల్ల వచ్చింది. దానితో తెనాలికీ కరీంనగర్‌కూ ఏమిటి సంబంధం? ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన ఒక తరం అయిపోరని, ఒకే చారిత్రక అనుభవంలో పాలుపంచుకోవాలని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త కార్ల్ మన్‌హైమ్ 1928లోనే రాశాడు. మాదాపూర్‌లో కోడ్ రాసే అమ్మాయి, ఆమెకు రాత్రి భోజనం తెచ్చిచ్చే డెలివరీ కుర్రాడు ఒకే ఏడాది పుట్టి ఉండొచ్చు. ఇద్దరికీ ఒకే ‘మనస్తత్వం’ అంటగట్టడానికి ధైర్యం కావాలి.

పుట్టిన ఏడాదికి అసలు ప్రభావమే లేదని నేను అనడం లేదు. మాంద్యంలో డిగ్రీ చేతికొచ్చినవారి జీతాలు ఏళ్ల తరబడి వెనకబడే ఉంటాయని కెనడా, అమెరికా అధ్యయనాలు గట్టిగానే చూపించాయి. అది గుణంలో తేడా వల్ల వచ్చింది కాదు, వాళ్లు అడుగుపెట్టినప్పుడు తలుపు సగం మూసి ఉంది. మన ఐటీ రంగంలో ఫ్రెషర్ల జీతమే చూడండి. 2010 తర్వాతి తొలి ఏళ్లలో పెద్ద కంపెనీల్లో అది ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గర ఉండేది. పదేళ్లు దాటినా ఎక్కువమందికి ఆ పరిసరాల్లోనే ఉంది. 2012ను 100గా పెట్టుకున్న వినియోగదారుల ధరల సూచీ 2024 నాటికి 190 దాటింది. ఒకే అంకె వేసిన ఆఫర్ లెటర్‌కు ఇప్పుడు దాదాపు సగం విలువ. ఆ కుర్రాడు ఏడాదికే ఇంకో కంపెనీ వైపు చూస్తే దాన్ని విశ్వాసలేమి అంటున్నాం.

ఈ మాటలతో వచ్చే నష్టం మాటలతో ఆగదు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నారు. తానూ అలాగే, అంతకంటే ఎక్కువగా పనిచేశానని చెప్పారు. అది నిజమే అయి ఉంటుంది, కానీ సంస్థ స్థాపకుడి గంటకూ ఫ్రెషర్ గంటకూ దక్కే ప్రతిఫలం ఒకటి కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల రికార్డులను 2014లో ఆర్థికవేత్త జాన్ పెన్కావెల్ మళ్లీ లెక్కగట్టారు. వారానికి సుమారు 50 గంటలు దాటాక ఉత్పత్తి పెరిగే వేగం పడిపోయింది, 70 గంటలు పనిచేసినా 56 గంటలకు వచ్చినదానికంటే పెద్దగా ఎక్కువ రాలేదు. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. ఇన్ని గంటలు కుదరదని ఒక ఇరవై అయిదేళ్ల ఉద్యోగి అంటే, ఆమె మాట ఈ ఆధారాలకు దగ్గరగా ఉంది. అప్రైజల్‌లో మాత్రం దానికి ‘కమిట్‌మెంట్ లేదు’ అనే పేరు పడుతుంది.

ఇదంతా తేల్చడానికి కావాల్సిన డేటా కంపెనీల దగ్గర ఉంది. ఎవరు ఏ ఏడాది, ఏ వయసులో చేరారు, ఎంతకాలం ఉన్నారు, అప్పుడు జీతమెంత అన్నది పాతికేళ్లుగా హెచ్ఆర్ కంప్యూటర్లలో నమోదవుతూనే ఉంది. పేర్లు తీసేసి బయటపెడితే 2005 నాటి ఇరవై నాలుగేళ్లవారిని 2025 నాటి ఇరవై నాలుగేళ్లవారితో పోల్చి చూడొచ్చు. మూడు ప్రభావాల ముడి అప్పటికీ పూర్తిగా విడిపోదు కానీ, కనీసం వయసు పక్కకు తప్పుకుంటుంది. త్రైమాసిక ఫలితాల రోజున అట్రిషన్ శాతాన్ని ఒక్క అంకెగా చెప్పే సంస్థలు దాన్ని వయసులవారీగా విడగొట్టి ఇవ్వడానికి కొత్తగా సేకరించాల్సింది ఏమీ లేదు.