పాత ఛాయాపటము ఎవరి సొత్తు?

1933వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరు హైదరాబాదునకు వచ్చి, బంజారా గుట్టలపై నవాబు మెహదీ నవాజ్ జంగుగారి యతిథిగా నుండెను. ఆ దినములలో తీసిన పటమొకటి నేడు పంజాగుట్టలోనో అమీరుపేటలోనో యొక పాతపెట్టెలో దొరకినదనుకొందము. దానిని పుస్తకమున ముద్రింపవచ్చునా? అనుమతి నెవ్వరి నడుగవలయును? స్థానికచరిత్ర వ్రాయబూనినవారికి ఈ సందేహము తప్పుట లేదు. అది తీరక కొందరు పటమును వదలివేయుచున్నారు. కొందరు చిత్రవిక్రయశాలలు అడిగిన సొమ్ము మారుమాటలేక చెల్లించుచున్నారు. రెండును చరిత్రకు నష్టమే.

పటము చేతనుండుట వేరు, దానిపై కాపీరైటు ఉండుట వేరు. పట్టా నకలు పెట్టెలో నున్నంతమాత్రమున పొలము మనది కాదుగదా! రాజా లాలా దీన్‌దయాళు తీసిన 2,857 గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో కొన్నది. పలకలు ఆ సంస్థవి. నకలు తీసియిచ్చినందుకు రుసుము గొనవచ్చును. కాని దీన్‌దయాళు 1905లోనే కాలధర్మము నొందెను. ఏ లెక్కకైనను ఆ చిత్రములపై కాపీరైటు ఎన్నడో గడచిపోయినది.

చిక్కంతయు తరువాతి కాలపు పటములతోనే. బ్రిటిషు పార్లమెంటు 1911లో చేసిన చట్టము, 1914 నాటి శాసనముచే ఇక్కడ అమలైనది. దాని ప్రకారము నెగటివు తయారైననాటినుండి 50 ఏండ్లు హక్కు. నెగటివు సొంతదారే కర్త. 1958 జనవరి 21న అమలునకు వచ్చిన స్వతంత్రభారత చట్టము ఆ లెక్కను ప్రచురణనాటినుండి మొదలిడినది. 1992 సవరణ 50ని 60 చేసినది. 2012 సవరణ ఛాయాపటముల ప్రత్యేకనిబంధననే కొట్టివేసి, చిత్రకారుని జీవితకాలమునకు 60 ఏండ్లు కలిపినది.

అట్లయిన పాతపటములకు ఏ లెక్క? 1957 చట్టపు 79వ సెక్షను దీనికి బదులు చెప్పుచున్నది. పూర్వచట్టముక్రింద హక్కుగలవారు, క్రొత్తచట్టము రాకుండినచో నెంతకాల మనుభవించియుందురో అంతకాలమే యనుభవింతురు. అనగా 1958కి పూర్వపు నెగటివుకు 50 ఏండ్లే. 1933 నాటి పటము 1983తో, 1956లో ఆంధ్రప్రదేశావతరణమునాడు తీసినది 2006తో విడుదలయైనవి. ప్రచురణనుండియే లెక్కింపవలెనను వాదమును లేకపోలేదు. దాని నొప్పుకొన్నచో పెట్టెలో మూలుగుచున్న పటమునకు గడువే మొదలు కాలేదనవలసివచ్చును! చట్టపు మాటలను ఇంత దూరము సాగదీయుట మా కంగీకారము కాదు.

హైదరాబాదునకు మరియొక విశేషము కలదు. 1914 శాసనము బ్రిటిషు ఇండియాకొరకు చేసినది. నిజాము రాజ్యము దాని కావల నుండెను. కనుక అప్పటి పటముపై హక్కు చెప్పుకొనువారు, అది మొదట పుట్టినదని ఋజువు చేయవలయును. 1948 సెప్టెంబరు 18న సికిందరాబాదు చెంత మేజరు జనరల్ ఎల్ ఎద్రూసు, జనరల్ చౌధురికి లొంగిపోయిన దృశ్యము నెరుగనివారు లేరు. అది ప్రభుత్వోద్యోగి తీసి అప్పుడే ప్రచురించినదైనచో, ప్రభుత్వకృతులకు విధించిన 60 ఏండ్లు సైతము 2008తో తీరినవి. ఇంకను సొమ్మడుగువారిని, ఏ హక్కుచే నడుగుచున్నారో వ్రాతమూలముగ చెప్పుమనవలెను.

అయితే 1969 నాటి తెలంగాణ యుద్యమచిత్రములకు ఈ స్వేచ్ఛ లేదు. వాటిని తీసిన పత్రికా చిత్రకారుల హక్కు నేటికిని సజీవము. అడుగక ముద్రించుట పరుల కష్టము నపహరించుటయే.

తేదీ తెలియక ఈ విచారణ సాగదు. పటము వెనుక సంవత్సరము, తీసినవాని పేరు ఉన్నచో సగము వ్యాజ్యము తీరినట్లే. మన పురాభిలేఖాగారమువారు తమయొద్దనున్న ప్రతి పటమునకు తీసిన తేదీ, కర్త, తొలిప్రచురణ వివరములతో పట్టిక ప్రకటింపవలయును. ఇండ్లలో ఆల్బములు గలవారు, పెద్దలు చెప్పగలిగియుండగనే ఈ మూడింటిని పెన్సిలుతో వెనుక వ్రాసియుంతురుగాక.